పక్కన నిలబడే సిస్టర్



ఉదయం ఎనిమిది గంటలకు ఏ పెద్దాసుపత్రి వార్డులోనైనా డ్యూటీ మారుతుంది. రాత్రంతా మేలుకుని పనిచేసిన సిస్టర్ కేస్ షీట్లు పట్టుకుని మంచం మంచం దగ్గరా ఆగుతుంది. ఎవరికి జ్వరం దిగలేదు, ఎవరికి ఈ పూట ఆపరేషన్ ఉంది, ఎవరికి రాత్రి నుంచి మూత్రం రాలేదు, అన్నీ పొద్దుటి సిస్టర్‌కు అప్పగిస్తుంది. వాళ్లిద్దరి వెనక నలుగురైదుగురు నర్సింగ్ విద్యార్థినులు నడుస్తుంటారు. ఈ మధ్య అబ్బాయిలు కూడా ఉంటున్నారు. చేతిలో చిన్న నోటుబుక్కు, జేబులో పెన్ను, ముఖంలో బెదురు. రోగుల తాలూకు వాళ్లు వీళ్లను కూడా సిస్టర్ అనే పిలిచి, సెలైన్ అయిపోయిందమ్మా అని చెబుతారు. అయిపోయిన సీసా తీసి ఇంకోటి పెట్టాలా, ఆపేయాలా అన్నది ఆ అమ్మాయికి తెలియదు. తెలియదని ఎవరితో చెప్పుకోవాలో కూడా ఒక్కోసారి తెలియదు.

ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలో ఆ సిస్టర్ గురించే ఈ రోజు నా ప్రసంగం. విద్యార్థులకూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకూ వార్డులో పనిచేసే నర్సులు ఏ మేరకు బాధ్యులు అన్నది విషయం. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా చేసి, తర్వాత నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా పనిచేశాను. రెండు వైపుల నుంచీ చూశాను కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజెక్షన్ చేయడం నేర్పించడం, డ్రెస్సింగ్ నేర్పించడం తర్వాతి సంగతి. కొత్తగా వచ్చిన మనిషి భయపడకుండా "నాకు ఇది రాదు సిస్టర్, ఒకసారి పక్కన ఉంటారా" అని అడగగలిగేలా చూడటం మన మొదటి బాధ్యత. ఆ మాట నోట రాని వార్డులో రోగికి క్షేమం లేదు.

మన దగ్గర జీఎన్‌ఎం కోర్సు మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఈ చదువులకు పాఠ్యక్రమం నిర్ణయిస్తూ వచ్చింది. అందులో తరగతి గది పాఠాల కంటే వార్డుల్లో గడిపే గంటలే ఎక్కువ. ఇది కొత్త సంగతి కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట పోగైన నిధితో నర్సుల బడి తెరిచినప్పుడు కూడా ఆ యువతులు వార్డుల్లోనే, వార్డు సిస్టర్ల చేతి కిందే పని నేర్చుకున్నారు. ఎవరు ఎంత నేర్చారో మేట్రన్ వార్‌డ్రోపర్ నమోదు చేసి పెట్టేవారు. అంటే ఆధునిక నర్సింగ్ పుట్టినప్పటి నుంచీ పని చేసే నర్సే పని నేర్పే నర్సు కూడా. నేర్పడం ట్యూటర్ల పని, మాకు మా డ్యూటీ చాలు అనేవాళ్లు ఉన్నారు. ట్యూటర్ వార్డుకు వస్తుంది, పోతుంది. రోజంతా ఆ పిల్లల కళ్ల ముందు ఉండేది స్టాఫ్ నర్సే.

కళ్ల ముందు ఉండటం అన్నాను. అది చిన్న మాట కాదు. మనం నోటితో చెప్పింది పిల్లలు మరిచిపోవచ్చు, మనం చేసింది మాత్రం పట్టుకుంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. రోగి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో లెక్కపెట్టి చార్టులో రాయాలి. పెద్దవాళ్లలో మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. ఏ వార్డుకైనా వెళ్లి చార్టులు తిరగేయండి, ముప్పై మంది రోగులుంటే చాలాచోట్ల ముప్పై మందికీ 20 అనో 22 అనో ఉంటుంది. ముప్పై మంది ఒకే లెక్కన ఊపిరి తీస్తారా? తీయరు. నిమిషం పాటు రోగి ఛాతీ వైపు చూస్తూ నిలబడే తీరిక లేదనుకుని, అలవాటుగా ఒక అంకె వేసేస్తాం. పక్కన ఉన్న విద్యార్థిని అది చూస్తుంది. కాలేజీలో పూర్తి నిమిషం లెక్కపెట్టమన్నారు, ఇక్కడ సిస్టర్ లెక్కపెట్టకుండానే రాసింది, కాబట్టి ఇక్కడి పద్ధతి ఇదే అనుకుంటుంది. రేపు ఆమె సిస్టర్ అయ్యాక అదే అంకె వేస్తుంది. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు, బీపీ పడిపోవడానికి చాలా ముందే ఊపిరి వేగం పెరుగుతుంది. న్యుమోనియా ముదిరినా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకినా మొదట కనిపించే గుర్తుల్లో అదొకటి. ఒక నర్సు నిర్లక్ష్యం ఆ పూటతో పోతుంది. నేర్చుకునే పిల్ల ముందు చేసిన నిర్లక్ష్యం మాత్రం ఆ పిల్ల ఉద్యోగం చేసినంత కాలం మిగిలిపోతుంది. అందుకే విద్యార్థులు పక్కన ఉన్న రోజున నర్సు ఇంకా జాగ్రత్తగా పనిచేయాలి. ఆ రోజు ఆమె గడియారం పట్టుకుని నిమిషం నిలబడితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

మందుల విషయానికి వస్తాను. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అని పాఠం అందరికీ కంఠస్థం. కానీ తప్పు జరిగే చోటు పాఠంలో కనబడదు, చేతిలో కనబడుతుంది. ఇన్సులిన్ సంగతే తీసుకోండి. మన ఆసుపత్రుల్లో సీసాల్లో వచ్చే ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేదీ ఉంది, 100 యూనిట్లు ఉండేదీ ఉంది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీతల వరకు లాగితే రోగికి వెళ్లేది పది కాదు, ఇరవై అయిదు యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. తారుమారై 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడితే పది అనుకున్నది నాలుగే అవుతుంది, షుగర్ దిగదు, ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. మొదటిసారి ఇన్సులిన్ ఇవ్వబోయే విద్యార్థిని చేతికి సీసా, రెండు సిరంజిలూ ఇచ్చి, "ఏది తీస్తావు, ఎందుకు తీస్తావు" అని అడిగిన సిస్టర్‌ను ఆ అమ్మాయి జన్మలో మరిచిపోదు. దానికి పట్టేది రెండు నిమిషాలు.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ఇంకా ప్రమాదం. చూడటానికి నీళ్ల మందులాగే ఉంటుంది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిన ఆ మందును నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అది మామూలు ఆంప్యూళ్ల మధ్య ఎందుకు ఉండకూడదో, విడిగా ఎందుకు పెడతామో వార్డుకు వచ్చిన మొదటి వారంలోనే, విద్యార్థికైనా కొత్త స్టాఫ్‌కైనా, అలమర దగ్గరకు తీసుకెళ్లి చూపించాలి. ఇలాంటివి అడిగే దాకా ఆగి చెప్పేవి కావు. తనకు ఏం తెలియదో కొత్త మనిషికి తెలియదు, అలాంటప్పుడు ఏమని అడుగుతుంది?

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పాలి. విద్యార్థిని ఇంకా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాలేదు. ఆమె చేతులతో జరిగిన పనికి, ఆ పని అప్పగించిన రిజిస్టర్డ్ నర్సు జవాబుదారీ. అప్పగించే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఈ పని ఆమెకు ఇంతకు ముందు ఎవరైనా చూపించారా, నేను చూస్తుండగా ఒకసారైనా చేసిందా, చేశాక ఫలితం నేను వెళ్లి చూశానా. "ఆ అయిదో నంబర్ బెడ్‌కి ఇంజెక్షన్ ఇచ్చేసి రా" అని కుర్చీలోంచి చెప్పడం పని అప్పగించడం కిందికి రాదు. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు సంగతి కొంత వేరు. ఆమె రిజిస్టర్డ్, ఆమె బాధ్యత ఆమెకుంది. అయినా ఆమెకు పరిచయం లేని వార్డులో, తెలియని యంత్రం ముందు నిలబెట్టి వెళ్లిపోయిన సీనియర్‌కు బాధ్యత లేదని నేను ఒప్పుకోను.

రోగి సంగతి ఈ మాటల్లో తరచుగా తప్పిపోతుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే పేదవాడి ఒళ్లు పిల్లలు చెయ్యి తిప్పుకోవడానికి పనికొచ్చే వస్తువు కాదు. మొదట బొమ్మ మీద నేర్చుకోవాలి, అందుకోసమే కాలేజీల్లో స్కిల్ ల్యాబులు ఉన్నాయి. తర్వాత రోగి దగ్గరికి వెళ్లాలి. వెళ్లినప్పుడు రోగికి చెప్పి వెళ్లాలి. "తాతా, ఈ అమ్మాయి చదువుకుంటోంది, నేను పక్కనే ఉంటాను, సూది ఈమె వేస్తుంది, సరేనా?" అని అడిగితే నూటికి తొంభై మంది సరేనంటారు. కొందరు ఆశీర్వదిస్తారు కూడా. వద్దన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదు, అది వాళ్ల హక్కు. క్యాన్యులా పెట్టడంలో రెండుసార్లు నరం దొరక్కపోతే విద్యార్థి అక్కడితో ఆపి సీనియర్‌కు ఇచ్చేయాలి. ఈ సంగతి సీనియర్ ముందే చెప్పి ఉంటే ఆ పిల్లకు ఓడిపోయానన్న బాధ ఉండదు, రోగి చెయ్యి వాయదు.

తిట్ల గురించి మాట్లాడకుండా ఈ ప్రసంగం ముగించలేను. రోగి ముందు, డాక్టర్ల ముందు, వార్డు బాయ్ ముందు విద్యార్థిని మీద కేకలేయడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. "మేమూ ఇలాగే పడ్డాం, ఇలాగే నేర్చుకున్నాం" అంటారు. పడినవాళ్లు నేర్చుకున్నది నిజమే, పడినందువల్ల నేర్చుకోలేదు, పడినప్పటికీ నేర్చుకున్నారు. తిట్టు తిన్న పిల్ల మర్నాటి నుంచి రెండు పనులు చేస్తుంది. అడగడం మానేస్తుంది. తప్పు జరిగితే దాచడం మొదలుపెడుతుంది. రెండోది మరీ ప్రమాదం. చేతికి సూది గుచ్చుకుందనుకోండి. వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడుక్కోవాలి, నొక్కి రక్తం పిండకూడదు, ఆ క్షణమే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు గుచ్చుకున్న గంటల్లోపే మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే వాటివల్ల లాభం ఉండదు. తిడతారని భయపడి ఆ పిల్ల మూడు రోజులు నోరు మూసుకుంటే ఆ గడువు దాటిపోతుంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాకే విద్యార్థి వార్డులో సూది పట్టాలన్నది కాలేజీ చూసుకోవాల్సిన పని. అయినా వేయించుకున్నావా అని ఒక మాట అడగడంలో వార్డు సిస్టర్‌కు పోయేదేముంది?

తప్పు చెప్పకూడదని నేను అనడం లేదు. తప్పకుండా చెప్పాలి. రోగికి హాని జరిగేలా ఉంటే ఆ క్షణంలో చెయ్యి పట్టుకుని ఆపాలి. మిగతాది మందుల గదిలోకి తీసుకెళ్లి, మెల్లగా, ఏం జరిగింది, నువ్వేమనుకున్నావు, ఇంకోసారి ఏం చేస్తావు అని అడగాలి. అలా అడిగితే చాలాసార్లు తప్పు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఆ పిల్ల డాక్టరు రాత చదవలేకపోయి ఉంటుంది. లేదా ఇద్దరు రోగుల పేర్లు ఒకటే అయి ఉంటాయి. మన ఊళ్లలో ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మిలు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. పేరు పిలిస్తే నొప్పితో ఉన్న మనిషి ఎవరైనా ఊ అంటారు. పేరుతో పాటు ఐపీ నంబరు, తండ్రి పేరో భర్త పేరో అడిగి పోల్చుకోమని నేర్పితే ఆ తప్పు ఇంకోసారి జరగదు.

వరినాట్లకు కొత్తగా వచ్చిన పిల్లను చెయ్యి తిరిగిన ఇద్దరి మధ్యన నిలబెడతారు మన పల్లెల్లో. ఆ పిల్ల వరస తప్పితే అటు పక్కామె సర్దుతుంది, వెనకబడితే ఇటు పక్కామె ఆమె మునుంలో నాలుగు మొక్కలు నాటి ముందుకు లాగుతుంది. ఎవరూ పాఠం చెప్పరు, సాయంత్రానికి ఆ పిల్లకు చెయ్యి వస్తుంది. వార్డులో కూడా కొత్తవాళ్లకు కావలసింది ఆ మధ్య చోటే. కాకపోతే మన పనిలో ఒక కష్టం ఉంది. నాటు కంటికి కనబడుతుంది, నర్సు ఆలోచన కనబడదు. అనుభవమున్న సిస్టర్ వార్డులోకి అడుగుపెట్టగానే పది మంది రోగులను దాటి పదకొండో మంచం దగ్గర ఎందుకు ఆగిందో పక్కన ఉన్న పిల్లకు తెలియదు. ఆ మనిషి పెదవుల రంగు, చెమట, నిన్నటికీ ఇవాళ్టికీ మాటలో వచ్చిన తేడా, ఇవన్నీ ఆమె కంటికి ఒక్కసారే తగిలాయి. 1984లో ప్యాట్రిషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు, నర్సు పూర్తి కొత్తదనం నుంచి నైపుణ్యం దాకా అయిదు మెట్లు ఎక్కుతుందని వివరిస్తూ పుస్తకం రాశారు. పై మెట్టు మీద ఉన్న నర్సుకు తనకెలా తెలిసిందో చెప్పడమే కష్టం అంటారామె. అది నిజం. కాబట్టి పనిచేస్తూ పైకి మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. "ఈయన కాళ్లు చూడు, నిన్న ఇంత వాపు లేదు. మూత్రం ఎంత వచ్చిందో చార్టు చూద్దాం రా." అంతే. వేరే సమయం కేటాయించక్కర్లేదు, నడుస్తున్న దారిలోనే పాఠం జరిగిపోతుంది.

బెన్నర్ చెప్పిన ఇంకో సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఎంత అనుభవం ఉన్న నర్సైనా, తనకు పరిచయం లేని విభాగానికి వెళ్లగానే మళ్లీ కొత్త మనిషే. పదేళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు, కాన్పులు చూసిన సిస్టర్ బదిలీ మీద జిల్లా ఆసుపత్రి ఐసీయూకి వస్తుంది. వయసులో పెద్ద, సర్వీసులో సీనియర్, వెంటిలేటర్ ముందు మాత్రం మొదటి సంవత్సరం విద్యార్థిని ఎంతో ఆమె అంతే. ఆమెకు అడగడానికి మరీ సిగ్గు. అక్కడ పనిచేసే చిన్న వయసు నర్సు చొరవ తీసుకుని "అక్కా, ఈ అలారం మోగితే ముందు ఇది చూడండి" అని చెబితే ఆ పెద్దామెకు గౌరవం తగ్గదు. తెలంగాణలో 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌ల తోడ్పాటుతో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఎన్నో కాన్పులు చూసిన నర్సులే ఏడాదిన్నర పాటు మళ్లీ విద్యార్థులై, ఆరితేరిన మిడ్‌వైఫ్‌ల పక్కన కూర్చుని, తల్లిని తొందరపెట్టకుండా కాన్పు జరగనివ్వడం నేర్చుకున్నారు. 2018లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు కూడా 18 నెలల శిక్షణనే నిర్ణయించాయి. తెలిసిన పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి ఒప్పుకున్న ఆ నర్సులంటే నాకు చాలా గౌరవం.

దేశం దాటిన మన పిల్లల పరిస్థితీ ఇదే. గుంటూరులోనో వరంగల్‌లోనో ఐసీయూ నడిపిన అమ్మాయి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి పరీక్షలు నెగ్గి, రిజిస్టరై వార్డులో చేరిన మొదటి రోజున దుప్పట్లు ఎక్కడుంటాయో అడగాలి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ తన నియమావళిలోనే విద్యార్థులు, సహోద్యోగులు నేర్చుకోవడానికి తోడ్పడటం ప్రతి నర్సు విధి అని రాసిపెట్టింది. కొత్తగా రిజిస్టరైనవాళ్లకు తోడుగా ఒక అనుభవజ్ఞురాలిని ఉంచే ప్రిసెప్టర్‌షిప్ పద్ధతికి 2020లో సూత్రాలు ప్రకటించింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు, వాళ్లకూ నర్సుల కొరత ఉంది. కానీ వాళ్లు ఒక ఇబ్బందిని నిజాయితీగా ఒప్పుకున్నారు. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, మనకు బాగా పనికొచ్చే సంగతి అది.

2003లో కాథ్లీన్ డఫీ అనే స్కాట్లండ్ పరిశోధకురాలు ఒక అధ్యయనం చేసింది. పనికి తగినంత నైపుణ్యం రాని విద్యార్థులను వార్డు నర్సులు ఎందుకు ఫెయిల్ చేయలేకపోతున్నారు అన్నది ప్రశ్న. నర్సులు చెప్పిన జవాబులు మనం ఇక్కడ రోజూ వినేవే. ఆ అమ్మాయి మంచిది, పాపం అనిపించింది. చివరి నెలలో చెబితే మూడేళ్ల చదువు పోతుంది. తర్వాత వార్డులో ఎవరైనా సరిదిద్దుతారులే. ఇలా ప్రతివాళ్లూ తర్వాతి వాళ్ల మీద వదిలేస్తే ఆ అమ్మాయి డిగ్రీ పుచ్చుకుని బయటికి వస్తుంది, ఆమె చేతిలో పడే రోగి గురించి ఎవరూ పాపం అనుకోలేదు. 2018లో అక్కడి కౌన్సిల్ కొత్త ప్రమాణాలు తెచ్చి, రోజూ పక్కనుండి నేర్పే నర్సును, ఉత్తీర్ణత నిర్ణయించే నర్సును వేరు చేసింది. నేర్పిన చేతికి ఆపడం కష్టమని గ్రహించి చేసిన పని అది.

మన లాగ్ బుక్కుల సంగతి చూడండి. ఇన్ని క్యాథెటర్లు, ఇన్ని డ్రెస్సింగులు, ఇన్ని కాన్పులు అని గడులు ఉంటాయి. పోస్టింగ్ చివరి రోజున పిల్లలు పుస్తకాలన్నీ కట్టగట్టి తెచ్చి టేబుల్ మీద పెడతారు, సిస్టర్ తల ఎత్తకుండా సంతకాలు పెట్టుకుంటూ పోతుంది. చూడని పనికి చూశానని సంతకం పెట్టడం నా దృష్టిలో రోగికి అబద్ధం చెప్పడం. ఆ సంతకం చూసే ఇంకో ఆసుపత్రి ఆమెను రాత్రి డ్యూటీలో ఒంటరిగా నిలబెడుతుంది. సంతకం పెట్టనని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే చివరి రోజు దాకా ఆగకూడదు. మొదటి వారంలోనే కూర్చోబెట్టి, "నీకు డ్రెస్సింగ్ బాగా వచ్చింది, మందుల లెక్కల్లో మాత్రం తడబడుతున్నావు, వచ్చే వారం రోజూ రెండు లెక్కలు నా ముందు చెయ్యి" అని చెబితే ఆమెకు దిద్దుకునే వ్యవధి ఉంటుంది. అప్పటికీ రాకపోతే ట్యూటర్‌కు రాసి ఇవ్వాలి. నోటిమాటగా కాదు, తేదీ వేసి, ఏం చూశామో రాసి. వార్డులో ఫలానా అమ్మాయికి ఏమీ రాదని చెవులు కొరుక్కోవడం, ఆమెతో మాత్రం ఒక్క ముక్క చెప్పకపోవడం, ఇంతకంటే అన్యాయం లేదు.

విద్యార్థులను వాడుకోవడం అనే దురలవాటు ఒకటుంది. ల్యాబుకి శాంపిళ్లు మోయడం, బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తడం, స్టోరుకు వెళ్లడం, ఇవే వాళ్ల చదువై కూర్చుంటున్నాయి. అప్పుడప్పుడు వెళ్లడంలో తప్పులేదు, బ్లడ్ బ్యాంకులో రక్తం సంచి మీద ఏమేం సరిచూస్తారో అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. రోజంతా అదే పని అయితే మాత్రం ఆ పిల్లకు చదువు దక్కదు, ఆసుపత్రికి జీతం లేని పనిమనిషి దొరుకుతుంది. అదే సమయంలో మంచం మీద దుప్పటి మార్చడం, రోగికి ఒళ్లు తుడవడం తమ పని కాదనుకునే విద్యార్థులకు కూడా గట్టిగా చెప్పాలి. ఒళ్లు తుడిచేటప్పుడే వీపు మీద పుండు మొదలవుతున్న ఎరుపు కనబడుతుంది. ఆ పని దిగువ ఉద్యోగికి వదిలేసిన నర్సుకు ఆ ఎరుపు ఎప్పటికీ కనబడదు.

పుస్తకంలో ఎక్కువ చోటు దొరకని సంగతి ఒకటుంది, మొదటి మరణం. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్ల. నిన్న తనతో కబుర్లు చెప్పిన మామ్మ ఇవాళ తన చేతిలో నాడి ఆగి పోయింది. వార్డులో ఇంకా ముప్పై మంది ఉన్నారు, పని ఆగదు. ఆ పిల్లను వెంటనే ఇంకో పనికి పంపేయడం దయ కాదు. ఆమె ఉండగలనంటే సీనియర్ తన పక్కన ఉంచుకుని, కళ్లు మూయడం, గొట్టాలు తీయడం, ఒళ్లు శుభ్రం చేయడం, బంధువులను లోపలికి పిలిచి ఏడవనివ్వడం, వాళ్ల ఆచారమేదో అడిగి తెలుసుకోవడం, అన్నీ కలిసి చేయాలి. ఉండలేనంటే బలవంతం చేయకూడదు. డ్యూటీ ముగిసే లోపు టీ దగ్గరో, బట్టలు మార్చుకునే గదిలోనో ఆమెను మాట్లాడించాలి. మనం ఏమైనా తక్కువ చేశామా అని ఆ వయసు పిల్లలు తప్పకుండా అనుకుంటారు. చేయాల్సిందేదో చేశాం, ఇదిగో కేస్ షీట్ చూడు అని చూపించి చెప్పాలి. 1974లోనే మార్లీన్ క్రామర్ అనే ఆమె, కొత్త నర్సులు చదువులో విన్నదానికీ వార్డులో కన్నదానికీ ఉన్న తేడా చూసి అదిరిపోయి వృత్తినే వదిలిపోతున్నారని పుస్తకం రాసింది. యాభై ఏళ్లు గడిచినా అది తగ్గలేదు. వదిలిపోయేవాళ్లలో చాలామంది పని భారం కంటే ఒంటరితనం భరించలేక పోతారని నా నమ్మకం.

భాష గురించి ఒక్క మాట. పాడేరు నుంచో, ఉట్నూరు నుంచో, భద్రాచలం అడవుల నుంచో వచ్చిన పిల్లల తెలుగు యాసను వార్డులో ఎగతాళి చేయడం నేను విన్నాను. కోయ మాట్లాడే తల్లి కాన్పు నొప్పులతో ఆసుపత్రికి వచ్చి, ఏమడిగినా బిత్తరపోయి చూస్తుంటే, ఆమెతో ఆమె భాషలో మాట్లాడగలిగేది ఆ భద్రాచలం పిల్ల ఒక్కతే. కేరళ నుంచి వచ్చిన విద్యార్థులకు కొత్తలో తెలుగు రాదు. నొప్పి, మంట, తిమ్మిరి, ఆయాసం, కళ్లు తిరగడం, ఈ మాటలు ముందు నేర్పించి తర్వాత రోగిని ప్రశ్నలు అడగమంటే సరిపోతుంది.

ఇంత చెబుతుంటే వింటున్న నర్సులకు ఒక ప్రశ్న వచ్చే ఉంటుంది. తీరిక ఎక్కడుంది అని. ఆ ప్రశ్న న్యాయమైనది. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత. రాత్రి పూట నలభై పడకలకు ఒక్కరే ఉన్న వార్డులు నాకు తెలుసు. ఆమె దగ్గరకు ఎనిమిది మంది విద్యార్థులను పంపి నేర్పమంటే ఏం నేర్పుతుంది? అందుకే ఇది ఒక్కొక్క నర్సు మంచితనానికి వదిలేయాల్సిన విషయం కాదు. నర్సింగ్ సూపరింటెండెంట్లూ, కళాశాలల ప్రిన్సిపాళ్లూ, ఆరోగ్య శాఖ అధికారులూ నేర్పే పనిని పనిగా గుర్తించాలి. విద్యార్థులు ఉన్న పూట ఆ సిస్టర్‌కు రోగుల సంఖ్య తగ్గించాలి. నేర్పడంలో ఆమెకు కూడా శిక్షణ ఇవ్వాలి. పదోన్నతి చూసేటప్పుడు ఎంతమందిని తయారుచేసిందో కూడా చూడాలి. నర్సింగ్ విద్యనూ వృత్తినీ చక్కదిద్దడానికి 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద వచ్చే నియమాల్లో వార్డులో నేర్పే నర్సుకు కూడా చోటు ఉండాలని నా కోరిక.

అవన్నీ వచ్చే దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది, హెడ్ నర్సు చేతిలో ఉన్నది. డ్యూటీ చార్టు వేసేటప్పుడు కొత్తగా చేరిన స్టాఫ్ పేరు ఎదురుగా ఆ నెలంతా ఆమెకు తోడుండే సిస్టర్ పేరు రాయండి. ఇద్దరికీ ఒకే షిఫ్టు వేయండి. మొదటి నెల ఆమెను ఒంటరిగా నైట్ డ్యూటీకి వేయకండి. మొదటి రోజు మొదటి గంటలో ఆమెను వార్డంతా తిప్పి క్రాష్ కార్ట్ ఎక్కడుంది, సక్షన్ ఎలా పనిచేస్తుంది, ఆక్సిజన్ సిలిండర్ తాళం ఏ మేకుకు వేలాడుతుంది, డ్యూటీ డాక్టరు ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి, ఇవి చూపించమని ఆ తోడు సిస్టర్‌కు చెప్పండి. విద్యార్థుల పేర్ల ఎదుట కూడా అలాగే ఏ రోజు ఎవరి దగ్గరో రాసి గోడకు అంటించండి. పొద్దున్నే వార్డులోకి వచ్చిన ఆ పిల్ల చార్టు చూసి, ఈ రోజు నా సిస్టర్ ఎవరో తెలుసుకుని, నేరుగా ఆమె దగ్గరకు వెళ్లాలి.